నాలుగో తరగతి గదిలో పట్టుపురుగులు పండిన శనివారం

అందరూ బాగున్నారా? నా కదిరి ప్రయాణం చదివి జవాబు పెట్టిన మడకశిర అక్కయ్యకు కాలి వాపు తగ్గిందా? ఉప్పు తగ్గించమని రాశాను, తగ్గించిందో లేదో. గోరంట్ల తమ్ముడికి కంటి ఆపరేషన్ అయి నెల దాటింది. డాక్టరు చెప్పినన్ని రోజులూ నల్ల అద్దాలు పెట్టుకున్నాడా, నాలుగు రోజులకే తీసి పారేశాడా? ఆమడగూరు చిన్నమ్మాయికి తొమ్మిదో నెల వచ్చి ఉండాలి. తల్లీ, ఈ నెలంతా ఒంటరిగా బస్సెక్కవద్దు, ఎక్కినా వెనక సీట్లో కూర్చోవద్దు. బెంగుళూరు నుంచి రాసే పిల్లలకు దగ్గులూ జలుబులూ పోయాయా? నా సంగతి అడిగితే మోకాళ్లు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. బాగున్నానని గట్టిగా రాస్తే మర్నాడే ఏదో ఒకటి వస్తుందేమోనని భయం. అందుకే అంతటితో ఆపుతాను.

కొత్తగా చదివేవాళ్లకు ఒక మాట. నేను మూడో తరగతి వరకే చదివాను. నోటుబుక్కులో రాసిస్తే మా కోడలు సుజాత తప్పులు దిద్ది తన ప్రయాణాల పేజీలో పెడుతుంది. ఈసారి వెళ్లింది కోటకూ కాదు, క్షేత్రానికీ కాదు. మా మనవరాలు హారిక చదివే పల్లెటూరి ప్రాథమిక పాఠశాలకు. ఆ ఊరు పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య, రోడ్డు నుంచి మూడు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. ఊరి పేరు ఇప్పుడే రాయొద్దని అక్కడి సరళ టీచర్ అంది. రాస్తే జనం పూలు పెట్టుకుని చూడ్డానికి వచ్చేస్తారని ఆమె భయం. పూలకు భయమెందుకో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

ఆ బడిలో ఐదు తరగతులకు కలిపి నలభై మందికి పైగా పిల్లలు, ఇద్దరు టీచర్లు. సరళ టీచర్ పెద్ద టీచరు. ఆ ఊళ్లో చాలామంది అమ్మానాన్నలు ధర్మవరంలో మగ్గాల మీద పనికి పోతారు. పట్టుచీరల పక్కనే పెరిగిన పిల్లలకు ఆ దారం ఎక్కడినుంచి వస్తుందో తెలియదే అని ఆమెకు దిగులు పట్టుకుంది. రెండేళ్ల కింద ప్రహరీ గోడ పొడుగునా మల్బరీ కట్టెలు నాటించింది. ఆకు వచ్చాక పురుగులు కావాలని నన్ను అడిగింది. హిందూపురం పక్కన పల్లెలో నేను పాతికేళ్లు పట్టుపురుగులు మేపాను కాబట్టి తెలిసినవాళ్ల దగ్గర తీసుకుని బుట్టలో పెట్టి పంపాను. మొదటిసారి అవి బాగా పెరిగాయి. ఇక గూళ్లు కడతాయనగా ఊళ్లోవాళ్లు పిల్లలకు మంచి జరగాలని ఆ గదిలోనే పూజ పెట్టుకున్నారు. ఊదుబత్తులు, కర్పూరం, పైన సాంబ్రాణి పొగ. పట్టుపురుగుకు పొగ, వాసన, ఘాటు ఏదీ పనికిరాదు. రెండు రోజుల్లో అన్నీ చచ్చిపోయాయి. పిల్లలు ఏడుస్తూ మల్బరీ మొక్కల మొదట్లో పాతిపెట్టారట.

అప్పుడే తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ ఓబుళరెడ్డి మీటింగులో లేచి, బడికి పంపేది చదువుకోనా పురుగులు మేపనా అని అడిగాడు. ఇంకొక్కసారి మాత్రం చూద్దామని టీచరు అందరి ముందూ మాట ఇచ్చింది. ఈసారి గూళ్లు చూపించలేకపోతే ఆ గది ఖాళీ చేయాలి, మల్బరీ పీకేయాలి. రెండో విడత పురుగులు పంపిన రోజు నుంచి నాకు అన్నం సరిగా దిగలేదు. పంపింది నేనే కదా. చస్తే ఆ పాపమూ నాదే, టీచరమ్మ మాట పోతే అదీ నా వల్లే.

శుక్రవారం సాయంత్రం హారిక ఫోన్ చేసింది.

"అవ్వా, పురుగులు ఆకు సగం సగమే తింటాండాయి. జబ్బు చేసిందేమో."

"రంగు ఎట్ల ఉండాది మే?"

"తెల్లగానే ఉండాయి. ఒకటి రెండు మాత్రం పసుపుగా అయినాయి."

అది జబ్బు కాదు, పండడం. పండిన పురుగు మేత మానేసి గూడు కట్టుకునే చోటు కోసం తల ఎత్తి వెతుకుతుంది. ఆ కొన్ని గంటల్లోనే దాన్ని ఏరి చంద్రిక మీద పెట్టాలి. చంద్రిక అంటే వెదురు చాప మీద వెదురు బద్దలనే చుట్లు చుట్లుగా నిలబెట్టి కట్టినది, పురుగులు ఆ సందుల్లో గూళ్లు కడతాయి. ముందుగా పెడితే నిలవకుండా పాకి కింద పడతాయి. ఆలస్యమైతే ఉన్న పట్టంతా తట్టలోనే పారబోసుకుంటాయి. ఆ ఊళ్లో ఇది చూసిన మనిషి ఒక్కరూ లేరు. పైగా మర్నాడే మండల విద్యాధికారి బడి చూడ్డానికి వస్తున్నాడు. అటక మీదున్న నా పాత చంద్రిక దింపించి, బస్సులో పట్టదని మా వాడితో రంపంతో సగానికి కోయించాను. బ్లీచింగు నీళ్లతో కడిగి ఆరబెట్టి ఉతికిన దుప్పట్లో చుట్టాను. తెల్లవారుజామున లేచి, దారిలో మోకాళ్లు పట్టేస్తే ఎవరికి భారమో అని రెండు మోకాళ్లకూ నొప్పుల బామ్ దట్టంగా పట్టించి బయల్దేరాను.

హిందూపురం బస్టాండు నుంచి పెనుకొండకు పొద్దున ఆరు దాటినప్పటినుంచీ పల్లెవెలుగు బస్సులు దొరుకుతాయి. ఇప్పుడు మన ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్టుకు డబ్బులు లేవు. పోతుందేమోనని నేను కార్డు ఒకటి రవికలో, నకలు సంచిలో పెట్టుకున్నాను. కండక్టరు నన్ను వదిలేసి నా చంద్రికను పట్టుకున్నాడు.

"ఏమవ్వా, ఇంటి తలుపు పీక్కొని వస్తాండావా?"

"తలుపు కాదు నాయనా, చంద్రిక. మనవరాలి బడికి."

"నీకు టికెట్టు లేదు గానీ దీనికి ఉండాది. లగేజీ."

"ఇది కూడా ఆడదే అనుకో నాయనా."

బస్సంతా నవ్వింది. కండక్టరు నవ్వుతూనే ముప్పై రూపాయలు తీసుకుని, దాన్ని డ్రైవరు వెనక కమ్మీకి తన తువ్వాలతోనే కట్టాడు. సోమందేపల్లి మీదుగా గంటంబావులో పెనుకొండ చేరాం. మలుపు వచ్చినప్పుడల్లా నేను లేచి అది పడిందా అని చూడడం, కూర్చోమని వెనకవాళ్లు కేకలేయడం, దారంతా ఇదే.

పెనుకొండ బస్టాండు బయట తోపుడు బండి మీద బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ నలభై రూపాయలు. కొండ మీది కోట ఎండ పడి ఎర్రగా కనిపిస్తూ ఉంది. సమయం ఉన్నవాళ్లు ఎక్కి రావచ్చు, నాలాంటివాళ్లు కిందినుంచే చూడడం మేలు. బండి ఆమె బజ్జీలు పెట్టబోతే ఒద్దన్నాను.

"ఏంటికి ఒద్దు? కారం లేదులే అవ్వా."

"కారం కాదమ్మా. దారిలో కడుపు నొప్పి వస్తే?"

"వస్తే బస్సు నిలుపుతారులే, తిను. ముందే అన్నీ అనుకుంటే ఇల్లు కదిలేదెట్ల?"

ఒకటి తిన్నాను. ఏమీ కాలేదు. ఎనిమిదికి ధర్మవరం బస్సెక్కి, ముక్కాలు గంటలో ఊరి అడ్డరోడ్డు దగ్గర దిగాను. అక్కడినుంచి షేర్ ఆటో మనిషికి ఇరవై. చంద్రిక ఉంది కాబట్టి ఆటో మొత్తం నాకే, వంద అడిగాడు. డ్రైవరు పేరు నాగరాజు. వాళ్ల పాప కూడా అదే బడిలో మూడో తరగతట.

"పురుగులు బాగుండాయా నాయనా? ఏమన్నా విన్నావా?"

"వాటికేం అవ్వా, రాజులు. మేమే అగచాట్లు పడేది. మా పాప ఇంట్లో దోమల చుట్ట ముట్టించనీదు. బట్టలకు వాసన పట్టి, దాని నుంచి పురుగులకు పడతాదంట. పది దినాల నుంచి దోమలు మమ్మల్ని మోసుకుపోతాండాయి."

నాకు కళ్లు తడి అయ్యాయి. దోమలతో పిల్లకు జ్వరం వస్తే ఎట్లా అని ఇంకో దిగులూ మొదలైంది.

తొమ్మిదింబావుకు బడి చేరాను. గేటు లోపల గోడ మీద నల్లరంగు పూసి, ఈ ఏడాది ఏ రోజు ఎంత వాన పడిందో పిల్లలే సుద్దముక్కతో రాసిన పట్టిక ఉంది. ఊళ్లో రైతులు వేరుశనగ విత్తే ముందు వచ్చి దాన్నే చూస్తారట. వరండాలో బల్ల మీద మండలం పోటీల్లో ఆడపిల్లలు ఖో ఖోలో గెలిచిన కప్పు, పక్కన పిల్లలు కుట్టుకున్న చిన్న చిన్న పుస్తకాలు. నిరుడు కూడబలుక్కుని చదివే పిల్లలు ఈ ఏడాది గడగడా చదువుతున్నారని హారిక తల్లి, మా కూతురు పద్మ చెప్పింది. అవన్నీ తర్వాత చూద్దామని నేను నేరుగా చివరి గదికి పరుగెత్తాను. అది నాలుగో తరగతి గది. పురుగులు వచ్చాక ఆ తరగతి వరండాలో కూర్చుంటోంది.

గడప ముందు సున్నం చల్లి ఉంది. గడప మీద ఒక చిన్న పిల్ల నిలబడి చేయి అడ్డం పెట్టింది. పేరు గ్రేసీ, మూడో తరగతి. వచ్చినవాళ్లను వాసన చూడడం దాని పని. బడిలో దాన్ని ముక్కు డ్యూటీ అంటారు. నన్ను కింద నుంచి పైదాకా వాసన చూసి, మోకాళ్ల దగ్గర ఆగింది.

"అవ్వా, నువ్వు లోపలికి పోరాదు."

"నేను హారిక అవ్వను మే. పురుగులు పంపించింది నేనే."

"నువ్వెవరైనా గానీ. బామ్ వాసన వస్తాండాది."

పాతికేళ్లు పురుగుల ఇంట్లోకి తలకు నూనె కూడా రాసుకోకుండా పోయిన మనిషిని. మొదటి విడత చచ్చినప్పుడు ఊదుబత్తి పెట్టినవాళ్లను ఫోన్లో తిట్టని తిట్టు తిట్టిన దాన్ని. ఇప్పుడు నేనే పిప్పరమెంటు డబ్బా మాదిరి ఘాటు కొట్టుకుంటూ వచ్చి నిలబడ్డాను. లోపలినుంచి హారిక వచ్చింది. పిల్లను చూసి నెల దాటింది, ఎత్తుకుందామని చేతులు చాచాను. అది రెండడుగులు వెనక్కు వేసింది.

"తాకొద్దు అవ్వా. నువ్వే గదా ఫోన్లో రాయించినావు, గోడకు పెట్టినాము చూడు. పూలు వద్దు, పౌడరు వద్దు, బామ్ వద్దు."

బోరింగు దగ్గరికి పోయి మోకాళ్లు వాసన లేని సబ్బుతో రెండుసార్లు తోముకుని వచ్చాను. గ్రేసీ మళ్లీ వంగి ముక్కు పెట్టింది, తల అడ్డంగా ఊపింది. తర్వాత దుప్పటి విప్పి చంద్రికను వాసన చూసింది.

"ఇది పోవచ్చు. నువ్వు మాత్రం కిటికీ కాడ నిలబడు."

అట్లా నేను మోసుకొచ్చిన చంద్రిక లోపలికి పోయింది, నేను బయట మిగిలాను. కిటికీకి ఈగలు దూరకుండా సన్నని జాలీ కొట్టారు. దానికి ముఖం ఆనించి చూస్తే మూడు తట్టల్లో ఆరు వందల దాకా పురుగులు, పచ్చని ఆకు మీద తెల్లగా, వేలంత లావుగా కనిపించాయి. లోపల హారిక, ఇంకో నలుగురు పిల్లలు, వాళ్లతో సరళ టీచర్. ఆమె తలలో పువ్వు లేదు, ముఖానికి పౌడరు లేదు.

"ఎట్ల ఏరల్లో నువ్వే చెప్పవ్వా. మాకు చేతులు ఉండాయి, నీకు తెలివి ఉండాది," అంది టీచరు.

మూడో తరగతి చదువుకు ఆ మాట చాలా పెద్దది. నేను జాలీ బయట నిలబడి పాఠం మొదలుపెట్టాను. పండిన పురుగు కొంచెం పొట్టిగా అవుతుంది. వెలుతురుకు పట్టి చూస్తే పండిన ద్రాక్ష మాదిరి లోపలికి వెలుగు పోతుంది. తల ఎత్తి అటూ ఇటూ ఊపుతుంది. ఆ మూడూ ఉంటేనే తీయండి, నలపకుండా, రెండు వేళ్లతో. హారిక ఒక్కో పురుగునూ అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరికి తెచ్చి నాకు చూపించేది. ఇది పండింది. ఇది పండలేదు, వెనక్కి పెట్టు. పది పన్నెండు చూపించాక అది నన్ను అడగడం మానేసింది. తనే చూసి తనే ఏరుతూ ఉంది. నాకు సంతోషంగానూ ఉంది, తప్పు చేస్తుందేమోనని దిగులూ ఉంది.

వంటమ్మ జయమ్మ నాకు కిటికీ దగ్గరే కుర్చీ వేసి రాగిజావ ఇచ్చింది. ఈ రోజు పప్పుకు తిరగమాత వేయొద్దమ్మా, ఎండుమిరపకాయ ఘాటు ఈ గదిలోకి వస్తుందని బతిమాలాను. ఆమె నవ్వింది.

"నువ్వు ఈపొద్దు చెప్తాండావు. పిల్లోళ్లు నాలుగు దినాల నుంచి తిరగమాత లేని పప్పే తింటాండారు. సప్పగా ఉండాదని ఒక్కరూ అనలేదు. మా ఇంట్లో ఒక్కపూట ఏసేది మరిచిపోతే మా ఆయన గిన్నె ఇసిరేస్తాడు."

పదకొండు గంటలకు విద్యాధికారి వచ్చాడు. దీపం వెలిగించడానికి బదులు పిల్లలు ఆయన చేత కరివేపాకు మొక్కకు నీళ్లు పోయించారు. వాన పట్టిక చూశాడు, పిల్లలతో పుస్తకం చదివించాడు, ఖో ఖో పిల్లలతో ఫొటో దిగాడు. తర్వాత పురుగులు చూస్తానని గడప దగ్గరికి వస్తే గ్రేసీ ఆయన సెంటు కొట్టిన చొక్కా వాసన చూసి చేయి అడ్డం పెట్టింది. వెనకే ఓబుళరెడ్డి వచ్చాడు, ఆయన బీడీ వాసన నాకే తెలుస్తూ ఉంది. ఇద్దరూ వచ్చి నా పక్కన నిలబడ్డారు.

"మీరూ పనికిరారా అమ్మా?" అన్నాడు అధికారి.

"నేను మీకంటే ముందే పనికిరానన్నారు సార్," అన్నాను.

సరిగ్గా బహుమతులు ఇచ్చే వేళకు పురుగులు గుంపుగా పండడం మొదలుపెట్టాయి. వరండాలో మైకులో చిన్న టీచరు పిలుస్తోంది, చదవడంలో మొదటి బహుమతి నాలుగో తరగతి హారిక అని. ఎవరూ పోలేదు. రెండోసారి పిలిచింది. కిటికీ లోపలినుంచి జవాబు వచ్చింది.

"నేను ఇప్పుడు రాను టీచర్. చేతిలో పురుగు ఉండాది!"

వరండాలో అందరూ నవ్వారు. మా పద్మ సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అధికారి పుస్తకాల కట్ట చేత్తో పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఒక్క నిమిషం వచ్చి తీసుకుని పోమ్మా."

"ఇది ఇప్పుడే తల ఎత్తింది సార్. దించితే మళ్లా యాడ వెతికేది? ఆడ పెట్టు సార్, మా అవ్వ చూసుకుంటాది."

ఆయన పుస్తకాలు నా ఒళ్లో పెట్టాడు. పిల్ల గెలిచిన బహుమతిని నేను అందుకున్నాను, అదీ కుర్చీలో కూర్చుని. ఆ సంతోషం నాలుగు నిమిషాలు కూడా నిలవలేదు.

"అవ్వా! కింద పడతాండాయి!"

జాలీకి ముఖం నొక్కి చూశాను. చంద్రిక మీద పెట్టిన పురుగులు సందుల్లో కుదురుకోకుండా అన్నీ ఒక పక్కకే పాకుతున్నాయి. ఆ పక్క గుంపై, బరువుకు ఒకటొకటిగా జారి నేల మీద పడుతున్నాయి. పండని పురుగులను ఏరారేమోనని భయపడ్డాను. టీచరు ముఖం పాలిపోయింది. ఓబుళరెడ్డి కూడా నా పక్కనే జాలీకి ముఖం ఆనించాడు. పడినదాన్ని చూపించమన్నాను. పండినదే, లోపలికి వెలుతురు పోతూనే ఉంది. మరి ఎందుకు నిలవలేదు? అప్పుడు చూసుకున్నాను. ఎండ నేను నిలబడిన కిటికీలోనుంచే నేరుగా చంద్రిక మీద పడుతోంది. గూడు కట్టే పురుగుకు మసక కావాలి. వెలుతురు ఒక పక్క నుంచి కొడితే అది చీకటి పక్కకు పరుగెత్తుతుంది. నేను బాగా చూడాలని చంద్రికను కిటికీకి ఎదురుగా పెట్టమన్నది నేనే.

"టీచరమ్మా, ఈ కిటికీకి గుడ్డ కట్టండి. మందంగా, రెండు మడతలు వేసి."

హారిక ఆగింది. "అప్పుడు నీకు కనపడదు గదా అవ్వా? మాకు తెలియకపోతే?"

"నాకు కనపడకపోయినా ఏం గాదు మే. నీకు కనపడతాండాది గదా. కట్టు."

నా దుప్పటే కట్టారు. నా ముందు దుప్పటి పూలు తప్ప ఇంకేమీ లేకుండా పోయింది. ఇంట్లో పాలు పొయ్యి మీద పెడితే పొంగేదాకా కళ్లు తిప్పని దాన్ని. ఇప్పుడు ఆరు వందల ప్రాణాలు, ఒక టీచరు మాట, నా మనవరాలి చేతులు, అన్నీ ఆ గుడ్డ వెనక. వినడం తప్ప చేసేదేమీ లేదు. లోపల పిల్లల గొంతులు వినిపించాయి. పడినవి ఏరండి, మెల్లగా, దాన్ని కాదు అది పండలేదు. ఒకడు పకపకా నవ్వి, "టీచర్, ఇది నా మీద ఉచ్చ పోసింది!" అన్నాడు. గూడు మొదలుపెట్టే ముందు పురుగు ఒంట్లో నీళ్లన్నీ వదిలేస్తుంది. వాడిని తిట్టాల్సింది పోయి నేను కుర్చీలోనే దండం పెట్టుకున్నాను, అది మంచి గుర్తు. చంద్రిక కింద కాగితాలు పరచమని, గాలి ఆడేట్టు వాల్చి పెట్టమని బయటినుంచే అరిచాను.

పిల్లలు వంతుల మీద వచ్చి సప్పటి పప్పు, అన్నం, గుడ్డు తిని పోయారు. నాకూ జయమ్మ పెట్టింది. నేను రెండు ముద్దలు తిన్నాను. పక్కన కూర్చున్న ఓబుళరెడ్డి ఇంటికి పోలేదు, బీడీ కూడా తీయలేదు. నా వైపు వంగి మెల్లగా అడిగాడు.

"అవ్వా, కడతాయంటావా?"

"ఏమో అప్పా. నువ్వు కట్టకూడదని అనుకుంటాండావేమో అనుకున్నా."

"ఛ, ఏం మాటలవ్వా. మా వాడు రాత్రి లేచి కూర్చుని పురుగులు యాడ పోయినాయని కలవరిస్తాండాడు. మళ్లా చస్తే వాణ్ని ఎట్ల చూసేదని నా బాధ."

మూడింటి వేళ లోపల సద్దు తగ్గింది. హారిక గడప దాటి వచ్చింది. చేతులకు ఆకు పసరు, జుట్టు నిండా చెమట.

"అవ్వా, ఇప్పుడు ఒక్కటీ పడలేదు. నలభై దాకా మాత్రం ఇంకా తట్టలోనే ఆకు తింటాండాయి. పైన ఉండేవాటి చుట్టూ తెల్లగా బూజు మాదిరి వస్తాండాది. అది బూజా, దారమా?"

"ముట్టుకుంటే అంటుకుంటాండాదా?"

"వేలికి అంటుకొని సాగుతాండాది."

నేను మోకాళ్లు మరిచి కుర్చీలోనుంచి లేచాను. వెనకే వచ్చిన టీచరు నా ముఖం చూసి గడప మీదే కూర్చుండిపోయింది, కళ్లు తుడుచుకుంది. అది మొదటి దారం. గూడు నిండుగా అవుతుందో, పల్చగా ఆగిపోతుందో ఇంకా తెలియదు. మిగిలిన నలభై రాత్రికి పండుతాయి, వాటిని ఏరడం తనకు తెలుసని హారిక చెప్పింది. నిజమే, తెలుసు. పొద్దుటినుంచీ దాచుకున్న పుస్తకాల కట్ట అప్పుడు దాని చేతికిచ్చాను. అది అట్టలు కూడా చూడకుండా గ్రేసీకి పట్టుకోమని ఇచ్చి మళ్లీ లోపలికి పోయింది.

నాలుగున్నరకు నాగరాజు ఆటోలోనే నేరుగా ధర్మవరం వచ్చాను, రెండు వందల యాభై తీసుకున్నాడు. స్టేషన్‌కు వచ్చే దారిలో చీరల దుకాణాల అద్దాల వెనక పట్టుచీరలు వేలాడుతున్నాయి. ఇన్నేళ్లలో ఎన్నోసార్లు చూశాను, ధర ఎంతో అని భయపడడం తప్ప ఇంకేమీ అనిపించేది కాదు. ఈసారి ఆటో ఆపించి ఒక్క నిమిషం నిలబడి చూశాను. హిందూపురం వైపు సాయంత్రం రైళ్లు ఉన్నాయి, మామూలు టికెట్టు యాభై రూపాయలకు మించదు. వేళలు మారుతుంటాయి కాబట్టి స్టేషన్‌లో అడిగి ఎక్కండి. నేను ముగ్గురిని అడిగాను. ముగ్గురూ ఒకటే చెప్పాకే ఎక్కాను.

రైల్లో కిటికీ దగ్గర కూర్చుని ఆలోచించాను. నా జీవితమంతా దేన్నైనా కళ్లతో చూస్తూ ఉంటేనే అది బాగుంటుందని నమ్మాను. పిల్లలు బడికి పోతే గేటు దాకా, ఆయన పొలానికి పోతే మలుపు తిరిగేదాకా చూసేదాన్ని. ఆ రోజు మూడు గంటలు ఏమీ కనిపించకుండా కూర్చున్నాను. లోపల పని నేను చూసినప్పటికంటే బాగా జరిగింది. ఆ బడిలో పిల్లలు ఏం నేర్చుకున్నారని అధికారి రిజిస్టరులో రాసుకుపోయాడో నాకు తెలియదు. నేను చూసింది మాత్రం ఇది. తొమ్మిదేళ్ల పిల్ల చేతిలో ఒక ప్రాణం ఉంటే బహుమతిని కాసేపు ఆగమంది. మూడో తరగతి పిల్ల ఎంత పెద్దవాళ్లనైనా గడప దగ్గర ఆపింది. నలభై మంది పిల్లలు నాలుగు రోజులు సప్పటి పప్పు తిన్నారు. దీనికి కప్పు ఎవరూ ఇవ్వరు. ఇస్తే ఏ బల్ల మీద పెట్టాలో కూడా తెలియదు. దిగులు పోయిందా అంటే పోలేదు, ఇది రాస్తున్న ఆదివారం కూడా ఉంది. కానీ అది ఇప్పుడు నా ఒక్కదానిది కాదు, పంచుకునేవాళ్లు ఉన్నారు.

ఈ దారిలో పోయేవాళ్లకు ఒక్క సలహా. పెనుకొండ, ధర్మవరం మధ్య ఏ అడ్డరోడ్డు దగ్గర దిగినా, మధ్యాహ్నం రెండు దాటాక షేర్ ఆటోలు దాదాపు ఉండవు. పొద్దున తీసుకొచ్చిన డ్రైవరు ఫోన్ నంబరు దిగేటప్పుడే అడిగి రాసుకోండి, తిరుగు ప్రయాణం వేళ కూడా అప్పుడే చెప్పేయండి.

రైలు పెనుకొండ దాటాక హారిక ఫోన్ చేసింది. తట్టలో మిగిలినవాటిలో సగం పండాయట. చంద్రిక మీద కొన్ని గూళ్లలో దారం కమ్ముకుని పురుగు ఇప్పుడే కనిపించకుండా పోయిందట. గూళ్లు గట్టిపడడానికి ఐదారు రోజులు పడుతుంది, ఆ తర్వాతే చేతితో విడదీసి చూడాలి. ఆ రోజే టీచరు కమిటీని పిలుస్తుందట.

"ఎప్పుడొస్తావు అవ్వా? నువ్వు వచ్చినంక తీస్తామని టీచరుకు చెప్పినా."

"శుక్రవారానికి సరిపోతాది మే. వాన వస్తే? బస్సు రాకపోతే? ఆ దినం మళ్లా మోకాళ్లు..."

"అవన్నీ నువ్వు గురువారం దాకా అనుకుంటా ఉండు అవ్వా. మేము శుక్రవారం పొద్దున తొమ్మిదికి గేటు కాడ ఉంటాం."

సరే అన్నాను. వచ్చే శుక్రవారం, ఉదయం తొమ్మిది గంటలకు.